మలుపు దగ్గర గొంతు

జయపురం నుంచి రాయగడ వెళ్లే బస్సు ఘాట్ రోడ్డులో కొండకు రాసుకుపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డ్రైవరు రామలింగం తప్పు తనదేనన్నాడు, చెవి మందగించిందన్నాడు. ఇంకో డ్రైవరు దొరికేదాకా నడిపి, తర్వాత దిగిపొమ్మన్నాడు యజమాని గోవిందరావు.

ఆ బస్సులో దారి చూపించే తెరను, తను పనిచేసే కంపెనీ తరఫున తయారుచేసింది రామలింగం కూతురు బిందుశ్రీ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. డ్రైవరు చూపు రోడ్డు మీంచి పక్కకు పోకూడదని, మలుపు రాగానే తెర మాట్లాడేలా చేసింది. గొంతు కూడా తనదే పెట్టింది. ఆఫీసు గదిలో పరీక్షిస్తే చక్కగా పనిచేసింది.

కబురు తెలిసిన మర్నాడు ఆమె బస్సెక్కి తండ్రి పక్కన కూర్చుంది. ఆ సీటులో కూర్చోవడం అదే మొదలు. కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్లుంటే వెనక్కి పోయి కూర్చునేది, డ్రైవరెవరో తెలియనట్టు. ఆయనా ఎన్నడూ పలకరించలేదు.

గుడ్డి మలుపు వచ్చింది. రామలింగం హారన్ కొట్టి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. అవతలి బండి బదులు హారన్ కొడుతుందేమోనని వినడం ఆ దారి డ్రైవర్లందరి అలవాటు. సరిగ్గా అప్పుడే తెర మొదలెట్టింది: "జాగ్రత్త. ముందు మలుపు ఉంది. నెమ్మదిగా వెళ్లండి." ఇంటి యాస ఎక్కడా తగలని గొంతు. అది ఆగేసరికి లారీ ఎదురుగా ఉంది. రామలింగం బ్రేకు తొక్కాడు.

బిందుశ్రీకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గొంతు ఆపే బొత్తం ఉంది కదా, ఎందుకు నొక్కలేదని అడిగింది.

"నీ గొంతు కదమ్మీ. నోరు ముయ్యమని ఎలా నొక్కుతాను?"

ఆమే నొక్కింది. తర్వాతి మలుపులో కింద ఎక్కడో హారన్ మోగింది. ఆయన బస్సు పక్కకు తీసి ఆగాడు. లారీ వెళ్లిపోయింది.

"గోవిందరావుగారికేటీ సెప్పకు," అన్నాడు రామలింగం. "తప్పు నాదంటే వయసు మీదికి ఎల్లిపోద్ది. నీదంటే ఉజ్జోగం మీదికొస్తాది."

రాయగడలో గోవిందరావు ఆమెను చూసి కుర్చీ వేయించాడు. తన బస్సులన్నిటికీ ఆ తెరలే పెట్టిద్దామనుకుంటున్నానన్నాడు. ఆమె కూర్చోలేదు.

"పెట్టించకండి. డ్రైవరు చెవికి ఏమీ కాలేదు. నా తెరే ఆయన్ని విననివ్వలేదు."

గోవిందరావు కుర్చీని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు. "కంపెనీ మనిషివి. ఎవరో డ్రైవరు కోసం నీకెందుకమ్మా ఇదంతా?"

"ఎవరో కాదండీ. మా నాన్న."

గోవిందరావు గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ రామలింగం, దొరికిపోయినవాడిలా తలొంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ తల అలా వంచుకోవడం ఆయనకు నేర్పింది తనేనని బిందుశ్రీకి అప్పుడు అర్థమైంది.