పై వచనం

నేను ఒక పాత బైబిలును. కాలవ గట్టు మీది చర్చిలో, ప్రసంగ పీఠం మీద నా ఉద్యోగం. నల్ల తోలు అట్ట, ఉల్లిపొరలాంటి కాగితాలు, అంచులకు బంగారు పూత. అచ్చాఫీసులో నన్ను కుట్టినవాడు చాలా గట్టిగా కుట్టాడు. రోజూ తెరుస్తారనుకున్నాడు పాపం.

మొదట నన్ను చేతపట్టినవారు అప్పటి పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు. సోమవారమే ఒక అధ్యాయం తెరిచి వారమంతా దానితో పెనుగులాడేవారు. ఒకసారి తనను తిట్టిన సంఘపెద్దను ఆదివారం కడిగెయ్యాలనుకున్నారు. ఆ వారం వచ్చిన అధ్యాయం క్షమాపణ గురించి. శనివారం దాకా పళ్లు నూరి, చివరికి ఆ పెద్ద ఇంటికే వెళ్లి కాఫీ తాగి వచ్చారు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రసంగంలో చదివిన మాట మీద అనుమానం వస్తే ఎవరైనా సరే "పై వచనం" అనవచ్చు. అయ్యగారు వెనక్కి వెళ్లి, దాని పైనున్న వచనాలు చదివి తీరాలి.

ఆయన పోయాక పాస్టర్ జయశీల్ వచ్చాడు. ఇతనికి ప్రసంగం ముందే తయారు. చొక్కా కుట్టించుకున్నాక గుండీ వెతుక్కున్నట్టు, దానికి అతికే వచనం కోసం తర్వాత నా దగ్గరికి వస్తాడు. దొరికిన చోట చీటీ పెట్టి మూసేస్తాడు. నన్ను అంతలా గాలిలో ఊపినవాడూ లేడు, అంత తక్కువ చదివినవాడూ లేడు.

మొన్న వేసవిలో మా సంఘంలోని రత్నకుమారి కొడుకు సుధీరు, ఆదివారం పూట కాలవలో ఈతకు దిగి మునిగిపోయాడు. ఆ తల్లిని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూటానికి జయశీల్ ప్రసంగం సిద్ధమైపోయింది: గుడి మానితే ఏమవుతుందో చూడండి! వచనం ఫోనులో వెతికి, బిడ్డలందరినీ పోగొట్టుకున్న మంచివాడు యోబు గ్రంథంలో చీటీ పెట్టాడు.

షామియానా కింద నన్ను పైకెత్తి చదివాడు. యోబు పిల్లలు పాపం చేశారు గనకే నాశనమయ్యారని అక్కడుంది.

"ఇది నా మాట కాదు, దేవుని మాట!"

ముందు చాప మీద రత్నకుమారి, ఒళ్లో కొడుకు ఫొటో. ఊరంతా వింటోంది. ఆ పిల్లవాడి పేరు ఇక పాపిగానే మిగిలిపోతుంది.

"అయ్యగారూ, పై వచనం," అంది రత్నకుమారి.

"దుఃఖంలో ఉన్నావమ్మా, ఇప్పుడెందుకు..."

"చదువయ్యా బాబూ," అంది వెనక నుంచి ముసలి మార్తమ్మ. "కళ్లజోడు పెట్టుకునే ఉన్నావుగా!"

చదివాడు. ఆ మాట అన్నది దేవుడు కాదు, బిల్దదు. యోబును ఓదార్చడానికొచ్చిన స్నేహితుడు.

"ఆ స్నేహితులను దేవుడేమన్నాడో చివరి అధ్యాయంలో ఉంది. అదీ చదవండి," అంది రత్నకుమారి.

తడి వేలితో నా కాగితాలు తిప్పాడు. వాళ్లు తన గురించి సరిగా మాట్లాడలేదని దేవుడు మండిపడిన చోటు. గొణుగుతున్నట్టు చదివాడు.

"గట్టిగా అయ్యగారూ. ఇందాకటిది గట్టిగానే చదివారు."

గట్టిగా చదివాడు. రత్నకుమారి ఫొటోను పైటచెంగుతో తుడిచి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం నుంచి జయశీల్ ఫోను చూసి చెబుతున్నాడు. అందులో కావలసిన వచనం ఒక్కటే కనబడుతుందట. నన్ను మాత్రం ఎంతో గౌరవంగా గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. జనం అద్దాన్ని తాకి కళ్లకద్దుకుని పోతారు. రత్నకుమారి తాకదు. ఆరాధన కాగానే తాళంచెవి కోసం చెయ్యి చాపుతుంది.

"పాతదమ్మా, కాగితాలు చినుగుతాయి."

"చినగనివ్వండి అయ్యగారూ. నాకు యోబు ఇంకా పూర్తి కాలేదు."