రావలసింది, వచ్చింది

కాలేజీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పే చిన్నకోడలికీ, ఆ డిపార్ట్‌మెంటుకి పెద్ద అయిన బావగారికీ ఇంట్లోనూ పడదు, క్లాసులోనూ పడదు.

టెస్టింగంటే మరేం లేదు, ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ తప్పుతుందో పట్టుకోవడం. కాగితం మీద ముందు ‘రావలసింది’ రాసుకోవాలి. ప్రోగ్రాం నడిపాక ‘వచ్చింది’ రాయాలి. రెండూ కలిస్తే పాస్, కలవకపోతే ఫెయిల్. ఆవిడ క్లాసు పిల్లల కాగితాల నిండా ఫెయిళ్లే. ఎంత బాగా పట్టారో అని ఆవిడ మురిసిపోతే, బావగారికి ఒళ్లు మండింది.

“మధ్యాహ్నం కంపెనీవాళ్లొస్తుంటే ఈ ఏడుపుగొట్టు కాగితాలు చూపిస్తావా? ఒక్కడికీ ఉద్యోగం రాదు!”

“తప్పులు పట్టేవాళ్లే వాళ్లకి కావాలి బావగారూ.”

“చెప్పొచ్చావులే!”

ఆవిడ వేరే క్లాసుకి వెళ్లగానే ఆయన పిల్లల్ని కూర్చోబెట్టి, స్క్రీన్ మీద ఏమొస్తే అదే రెండు చోట్లా రాయించాడు. కాగితాలన్నీ పాస్!

ఆవిడ తిరిగొచ్చేసరికి కంపెనీ నుంచి వచ్చిన మేడమ్, ముందు బెంచీలో కూర్చున్న పిల్ల కాగితం తీసుకుని చదువుతోంది. లైబ్రరీ ప్రోగ్రాం అది.

“పుస్తకం ఫిబ్రవరి ముప్పైన తిరిగిచ్చారు. రావలసింది, ‘అందింది, థాంక్స్’. వచ్చిందీ అదే. ఫిబ్రవరికి ముప్పై ఎక్కడ దొరికిందమ్మా?”

“స్క్రీన్ మీద అలాగే వచ్చింది మేడమ్.”

“మీరెవరూ మాకు పనికిరారు.” మేడమ్ బ్యాగు తగిలించుకుంది.

“మా మరదలు చెప్పే చదువండీ ఇది. నా మాట వింటేగా!” అన్నాడు బావగారు.

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇవి రాయించింది మీరు కాదూ?”

“నోర్ముయ్! ఇంటికి పద, చెబుతా.”

“ఇంట్లో మీరు పెద్దవారు, నోరెత్తను. ఇక్కడ నా పిల్లల నోటికాడి కూడు లాగేస్తే ఊరుకుంటాననుకున్నారా?”

మేడమ్ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. “మీ తగువు మీరు తేల్చుకోండి. నా దగ్గర బస్సు టికెట్ల ప్రోగ్రాం ఉంది. అందులో తప్పులు పట్టగలిగితే పట్టమనండి. పావుగంటే ఇస్తా.”

“ఎవడైనా పెన్ను ముట్టుకున్నాడో, ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి!” బావగారు బల్ల మీద గుద్దాడు.

క్లాసంతా బిక్కచచ్చిపోయింది. మేడమ్ టికెట్ల ప్రోగ్రాం ముందు బెంచీ కంప్యూటర్లో పెట్టింది.

ముందు బెంచీ పిల్ల ఆయన్ని చూసింది, ఆవిడ్ని చూసింది. చెయ్యి చాచి స్క్రీన్ ఆపేసింది.

“కొత్త కాగితం ఇవ్వండి మేడమ్, ముందు రావలసింది రాస్తా,” అంది చిన్నకోడలితో.