ఎడమచేతి పాఠం

పక్షవాతం వచ్చి ఇట్టిరవి నంబూద్రికి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. చెయ్యి పోయినందుకు ఆయనకు దిగులు లేదు. గొంతులోని పాట తనతోనే పోతుందే అని కుమిలిపోయాడు. పెద్ద యాగం ముగింపులో పాడే ఆ సామగానం అచ్చులో ఎక్కడా లేదు. త్రిశూర్ చుట్టుపక్కల అది వచ్చిన మరో పెద్దాయన మొన్న కర్కాటకమాసపు వానల్లో కన్నుమూశాడు. ఇక మిగిలింది మంచం మీదున్న ఈయనొక్కడే.

కొడుకు జాతవేదన్ పాలక్కాడ్ బడిలో లెక్కలు చెబుతాడు. ఆ పాటలో అతనికి సగమే వచ్చు. మిగతాది ఫోనులో ఎక్కించుకుంటానని ఎన్నిసార్లు బతిమాలాడో! "వేదం డబ్బాలకి చెప్పేది కాదురా. నోటి నుంచి చెవికి వెళ్ళాలి. వచ్చి ఎదురుగా కూర్చో" అని ముసలాయన కసిరేవాడు. కొడుక్కి తీరిక చిక్కలేదు, తండ్రి పట్టు వదల్లేదు. ఇద్దరూ ఇద్దరే!

"ఆరోజు ఆ ఫోను ముందు పాడుంటే మీ సొమ్మేం పోయేది?" గంజి గిన్నె తెచ్చిన ఇట్టిరవి భార్య ఆర్య ఆయన్ని దులిపేసింది.

"ఊరుకోమ్మా" అంటూ, కబురంది వచ్చిన జాతవేదన్ మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. "నాన్నా, చిన్నప్పటిలా నా తల పట్టుకోండి. నేను పాట ఎత్తుకుంటా."

వాళ్ళింట్లో పాఠం అలాగే చెబుతారు. గురువు కుడిచేత్తో శిష్యుడి తల పట్టుకుని, స్వరం లేచినచోట ఎత్తుతాడు, దిగినచోట వంచుతాడు. ఎడమచెయ్యి తగిలితే మహా అపచారం. అలా నేర్చిన పాట యాగానికి పనికిరాదని ఊరంతా చాటింది ఇట్టిరవే.

జాతవేదన్ మొదలుపెట్టాడు. కాసేపటికే స్వరం తప్పాడు. ముసలాయన ప్రాణం గిలగిల్లాడింది. కుడిచెయ్యి దుప్పటి మీద కదలకుండా పడి ఉంది.

"ఏ చెయ్యైతేనేమండీ, పెట్టండి!" అంది ఆర్య.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఎడమచెయ్యి కొడుకు తలమీద వేశాడు. తప్పు సర్దుకుంది. పాట సాగింది. సగం దాకా వచ్చి జాతవేదన్ ఆగిపోయాడు. ఆపైన అతనికి తెలియదు.

చెయ్యి మాత్రం ఆగలేదు. తలని ఎత్తింది, వంచింది, పక్కకి తిప్పింది. ఇట్టిరవి లోపల పాట ఒక్క పలుకూ జారకుండా ఖంగుమని మోగుతోంది.

"నాన్నా, నాకేం వినపడట్లేదు" అని కొడుకు ఏడ్చేశాడు.

ఆయన ఆపలేదు. చివరి స్వరం దాకా నేర్పాడు. చెయ్యి తీసేసి, ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు అన్నట్టు ఆశగా కొడుకు నోటికేసి చూశాడు.