గుండు నేలకి దిగేలోపు

ఆ కుట్టుపని షెడ్డుకొచ్చే ఆడవాళ్లు తాళం తీయకముందే గోడ పక్కన వేలాడే తూకం గుండుకీ నేలకీ మధ్య వేళ్లు పెట్టి కొలిచేవాళ్లు. ఇంకా రెండు వేళ్ల ఎడముందిలే అనుకుని, లోపలికెళ్లి మిషన్లకి నూనె వేసుకునేవాళ్లు.

గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలు వాడే ఇత్తడి గుండే అది. కాకపోతే దాని దారం ఆకాశంలోంచి వచ్చింది. గోడ లోపలికి ఒరగడం మొదలైన ఏడాది దిగి, కంటికి తెలియనంత మెల్లగా జారుతోంది. అది నేలకి ఆనిన రోజు గోడ పడుతుందని వీధిలో పసివాళ్లకీ తెలుసు. దారం తగలకుండా తప్పుకుని నడిచేవాళ్లు, అంతే.

కట్టిన మేస్త్రీ భార్య కూడా ఆ గోడ కిందే కుడుతుంది. తడపని ఇటుకలతో కట్టడంవల్ల గోడకి పట్టు లేకుండా పోయింది. తడపాల్సింది భార్య తమ్ముడని మేస్త్రీయే నలుగురిలో చెప్పాడు. అప్పటినుంచి వాడికి ‘పొడిటుక’ అని పేరు పడిపోయింది. ఎవరూ పనికి పిలవక డిపోలో బస్సులు కడుక్కుంటున్నాడు. సొంత అక్కే మాట్లాడటం మానేసింది.

నిజానికి బావమరిది భోజనానికెళ్లినప్పుడు, పని తెమల్చాలన్న తొందరలో పొడి ఇటుకలు పేర్చింది మేస్త్రీయే. ఏడేళ్లలో ఎన్నిసార్లో చెప్పబోయి నీళ్లు నమిలాడు. ఇంకా జానెడుంది కదా అనుకున్నాడు. తర్వాత, బెత్తెడుంది కదా అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం భార్యకి క్యారేజీ తెచ్చేసరికి గుండుకీ నేలకీ మధ్య గోరు మందమే మిగిలింది. చేతిలో బట్టలయ్యాక రేపు ఖాళీ చేద్దామని ఆడవాళ్లు కుడుతూనే ఉన్నారు. మేస్త్రీ వంగి చూసి, దారం వెంటే తలెత్తాడు. గంటసేపు గుండు పట్టుకుంటే తన భుజం పీకుతుంది. పైన ఏడేళ్లుగా వణక్కుండా ఈ దారం పట్టుకున్న చేతికి నొప్పి పుట్టదా? పడగొట్టాలనుకుంటే ఒక్కసారిగా వదిలేయొచ్చు. తను నిజం చెప్తాడనే ఇన్నాళ్లూ ఆగిందని అప్పుడు తోచింది. గుమ్మం పట్టుకుని ఏడ్చాడు.

"ఇటుకలు తడపనిది వాడు కాదు, నేను. బయటికి రండమ్మా, గోడ విప్పేస్తాను," అన్నాడు.

మిషన్లు ఆగిపోయాయి. భార్య చేతిలో బట్ట పక్కన పెట్టి లేచింది.

"నాకు కాదు, వెళ్లి వాడికి చెప్పు," అంది.

డిపోలో అంతా విన్న బావమరిది, "ఏడేళ్లు, బావా," అన్నాడు. కుళాయి కట్టేసి వెంట వచ్చాడు. వీధి మొదట్లోనే అక్క ఎదురొచ్చి, వాడి తడి చేతులు పట్టుకుని ఏడ్చింది.

పై వరసనుంచి ఒక్కో ఇటుకా తీస్తూ, మూడోరోజుకి ఇద్దరూ గోడని పునాదిదాకా దించారు. అన్నాళ్లూ గుండు గోరు మందం దగ్గరే ఆగి ఉంది. ఆఖరి ఇటుక తీశాక నిదానంగా దిగి నేలకి ఆనింది. పడటానికక్కడ గోడ లేదు. వీధంతా పనులాపి నిలబడింది.

బావమరిది ఇటుకల్ని నీళ్లతొట్టిలో వేసి, బుడగలు ఆగేదాకా కూర్చుని, తాపీ పట్టాడు. వరస నిటారుగా ఉందో లేదో చూడబోయి చెయ్యి చాస్తే ఆకాశం దారమే అందింది. అతని చేతికి కావలసినంత పైనుంచి వదులైంది. అది చూసిన మేస్త్రీ తొట్టి పక్కన, ఇటుకలందించేవాడి చోట, తలొంచుకుని కూర్చున్నాడు.

బావమరిది వెనక్కి చూడకుండానే చెయ్యి చాచాడు.

"తడిసినవే అందించు, బావా," అన్నాడు.