ఆఖరి పేజీ యా పక్క ఉండాది?

మునిప్రసాద్ మీద నాకు జాలి కన్నా కోపం ఎక్కువ. అఖ్సాని ప్రేమిస్తూ, ఆ సంగతి ఆమెకి తప్ప తక్కిన అందరికీ చెప్పుకున్న మనిషి వాడు. మేము ముగ్గురం తిరుపతిలో బొమ్మల కోర్సు చదివేవాళ్ళం. వాళ్ళిద్దరూ చిత్తూరులో బస్సు ఎక్కేవాళ్ళు, నేను చంద్రగిరిలో. నా పేరు లోహిత. వాళ్ళ ప్రేమకథలో నా పని మధ్యలో కూర్చుని తల పట్టుకోవడం.

అఖ్సా, మునిప్రసాద్ కలిసి ఒక మాంగా చేశారు. జపాన్ వాళ్ళ బొమ్మల కథన్నమాట. మా అమ్మకి చెబితే పచ్చి మామిడికాయ అనుకుంది. అరవంలో మాంగా అంటే అదే. మా వైపు అరవం బాగా కలిసిపోయింది, ఆమె తప్పేం లేదు. బొమ్మలు అఖ్సావి, మాటలు మునిప్రసాద్‌వి. పేరు 'బూడిద రెక్కలు'. చంద్రగిరి కోట గోడ మీద నూరా అనే దేవదూత కాపలా ఉంటుంది. కోట కింద పాడుబడిన బావిలో కాళింగుడనే కొమ్ముల రాక్షసుడు ఉంటాడు. దేవదూత రెక్క రాక్షసుడి కొమ్ముకి తగిలితే ఇద్దరూ కాలి బూడిద కావాలని పైలోకం చట్టం. చట్టం అంత గట్టిగా ఉన్నాక వాళ్ళు ప్రేమించుకోకుండా ఎట్లా ఉంటారు?

కాళింగుడి ముక్కు అచ్చం మునిప్రసాద్ ముక్కే. దాని మీద వాడు చాలాసార్లు గొడవపడ్డాడు.

"నన్నెందుకు రాక్షసున్ని చేసినావు? నాకు రెక్కలు పెట్టుంటే ఏం పోయేది?"

"నీ మొఖానికి రెక్కలు ఆనవులే," అనేది అఖ్సా తల ఎత్తకుండానే.

మొదటి పేజీ వాళ్ళ సొంత కథలోంచి వచ్చిందే. కోర్సు మొదలైన రోజున బస్సు కిక్కిరిసి ఉంటే, మునిప్రసాద్ ఆమె పక్క సీటు చూపించి "ఈడ కూసోవచ్చా?" అని అడిగాడట. ఆమె జవాబు చెప్పలేదు. సీటు మీద ఉన్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుందట, అంతే. మాంగాలోనూ కాళింగుడు బావిలోంచి పైకొచ్చి, కోట గోడ మీద కూర్చున్న నూరాని అదే మాట అడుగుతాడు. నూరా పలకదు, రెక్క కొంచెం పక్కకి జరుపుతుంది.

ఇంతలో మదనపల్లె నుంచి అఖ్సాకి సంబంధం వచ్చింది. అబ్బాయికి గడియారాల అంగడి ఉంది, మంచివాళ్ళు, ఏ వంకా లేదు. అప్పుడుగానీ మునిప్రసాద్‌కి నోరు పెగల్లేదు. "మన సంగతేంది?" అని అడిగేశాడు. మాంగా చివరి పేజీల్లో మాటలు లేవు, ఉత్త బొమ్మలే. అందుకని వాడు వాటిని ఇంకా చూడలేదు. అఖ్సా ఒకటే మాట అంది.

"పుస్తకం అయినాక ఆఖరి పేజీ సూడు. అదే నా జవాబు."

ఆ జవాబేమిటో నాకు ముందే తెలుసు. ఆఖరి పేజీలో నూరా లేదు, కాళింగుడు లేడు. కోట గోడ మీద గుప్పెడు బూడిద, గాలికి లేచిపోతూ.

"ఇంట్లో ఒక్క మాట అడిగినావా?" అన్నాను ఆమెతో.

"అడిగేదేముండాది లోహితా? పైలోకం చట్టం నేను యాడ నుంచి తెచ్చినాననుకున్నావు? ఏర్పేడు పండగ అయినాక ఇంక నేను బస్సెక్కను."

ఏర్పేడు దగ్గరున్న పెద్ద కాలేజీలో పిల్లలు ఏటా పండగ చేస్తారు. అందులో మాకొక స్టాలు ఇచ్చారు. ఆ పండగ కోసమే పుస్తకం అచ్చు వేయించాం. బైండింగ్ మాత్రం అఖ్సా వాళ్ళ తాత బుడేన్ సాహెబ్ చేశాడు. చిత్తూరు బజారులో ఆయనది పాత బైండింగ్ అంగడి. ఒక పక్క మదరసా పుస్తకాలు, ఇంకో పక్క బడి పుస్తకాలు, ఆఫీసు రిజిస్టర్లు. ఉర్దూ పుస్తకానికి కుట్టు కుడివైపు, తెలుగు పుస్తకానికి ఎడమవైపు. మాంగా కూడా ఉర్దూ మాదిరే కుడి నుంచి ఎడమకి చదవాలి. ఆ ముక్క అఖ్సా తాతకి చెప్పి, కాగితాలు, అట్టలు ఇచ్చి వచ్చింది. ఈ పని చేయడానికి చిత్తూరులో అంతకన్నా తగిన మనిషి దొరకడు కదా అని నేనే మెచ్చుకున్నాను.

పండగ రోజు పొద్దున చంద్రగిరిలో బస్సెక్కేసరికి అఖ్సా ముందు సీట్లో పుస్తకాల కట్టలు పక్కన పెట్టుకుని, దిగాలుగా కిటికీ బయటికి చూస్తోంది. పుస్తకం తెరిచి కూడా చూసినట్టు లేదు. గీసిన మనిషికి ఒక్కొక్క గీతా కంఠతా వచ్చు, ఇంకేం చూస్తుంది? మునిప్రసాద్ మాత్రం చివరి సీట్లోంచి చేతులు ఊపుతున్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"సూడు లోహితా, సూడు!" అని పుస్తకం నా ఒళ్ళో పడేశాడు. "ఆఖరి పేజీ సూడు!"

చూశాను. బూడిద లేదు. కాళింగుడు నిలబడి "ఈడ కూసోవచ్చా?" అంటున్నాడు. నూరా రెక్క పక్కకి జరుపుతోంది.

"మొదటి బొమ్మనే మళ్ళీ ఆఖర్లో పెట్టింది! కూసో అని చెప్పినట్టే కదా? అబ్బా, ఎంత తెలివప్పా ఈ పిల్లకి!" అన్నాడు.

నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనసు మార్చుకుంది, చెప్పనైనా లేదు దొంగ అనుకున్నాను. మొదటి పేజీ కూడా ఒకసారి తెరిచి చూద్దామన్న ఇంగితం మా ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది. నేను పోయి అఖ్సా వెనక సీట్లో కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"వాడు చూసినాడా?" అని అడిగింది మెల్లగా.

"చూసినాడు."

"ఎట్లా ఉండాడు?"

వెనక్కి తిరిగి చూశాను. కండక్టర్‌కి వేరుశనక్కాయల ఉండ తినిపిస్తున్నాడు మునిప్రసాద్.

"చానా సంతోషంగా ఉండాడు," అన్నాను.

అఖ్సా మొహం మాడిపోయింది. "సంతోషంగానా?"

ఇంక తిరుపతి దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. తిరుపతిలో ఏర్పేడు బస్సు ఎక్కేటప్పుడు వాడు కట్టలు అందుకోబోతే, "నా పుస్తకాలు నేను మోసుకోగలను," అని విదిలించింది. వాడు దాన్ని కూడా సిగ్గనుకుని మురిసిపోయాడు. ప్రేమలో పడ్డవాళ్ళకి తిట్టినా అర్థం కాదు, ఇంక ఏం చేస్తాం?

పండగలో జనం బాగా వచ్చారు. మా పక్క స్టాలులో పానీపూరీ పెట్టడం మాకు కలిసొచ్చింది. ప్లేటు చేతిలో పట్టుకున్నవాళ్ళు కదల్లేక మా పుస్తకం తిరగేశారు, తిరగేసినవాళ్ళు అక్కడే నిలబడి చదివేశారు. కళ్ళజోడు పిల్లోడొకడు "ఇది కాలం గురించి రాసిన పుస్తకం కదక్కా," అన్నాడు. నేను అవునన్నాను. పొగిడేవాళ్ళని ఆపే అలవాటు నాకు లేదు.

మధ్యాహ్నం దాటాక సత్యవేడు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పుస్తకం గుండెలకి అదుముకుని అఖ్సా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, మొదట్లోనే ఇద్దరినీ బూడిద చేసేసినావే, ఇంకేముందిలే అనుకున్నా. ఆ బూడిద లేచి మనుషులైతాది చూడు, ఆడ ఏడుపొచ్చేసింది. గుండెల్లో దిగిన కత్తి బయటికి వచ్చేస్తాది. కాలిపోయిన రెక్కలు మళ్ళా మొలుస్తాయి. పైలోకం సైన్యమంతా వెనక్కి పోతాది. ఆఖర్న ఇద్దరూ ఏం జరగనట్టు కొత్తగా కలుస్తారు. ఇట్లాంటి ముగింపు నేను యాడా చదవలేదక్కా."

అఖ్సా ఆ పిల్ల చేతిలోంచి పుస్తకం లాక్కున్నంత పని చేసింది. అట్ట చూసింది, తెరిచింది, మళ్ళీ మూసి అటు తిప్పింది. అప్పుడు మాకు తెలిసింది. తాత కుట్టు సరిగ్గా కుడివైపే వేశాడు. పేజీలన్నీ వరసలోనే ఉన్నాయి. కానీ పేరున్న అట్టని మాత్రం తెలుగు పుస్తకాలకి అంటించే వైపు అంటించాడు. మన అలవాటు ప్రకారం అట్ట తిప్పితే ఎదురయ్యేది బూడిద. అక్కడి నుంచి కథ వెనక్కి నడుచుకుంటూ పోయి మొదటి పేజీ దగ్గర ఆగుతుంది.

మునిప్రసాద్ కూడా చూశాడు. వాడి మొహంలో వెలుగంతా ఆరిపోయింది.

"అంటే నీ జవాబు బూడిదా?"

"అవును."

"మరి పొద్దున్నుంచి నా మీద ఎందుకు కోపం చేస్తాండావు?"

"నేను కాదంటే నువ్వు నవ్వుతా ఉండావు! శనక్కాయల ఉండలు పంచుతా ఉండావు!" అని అరిచింది. పానీపూరీ వాళ్ళందరూ మా వైపు తిరిగారు. అరిచిన వెంటనే ఏడ్చేసింది. వాడు ఓదార్చడానికి ఒక అడుగు ముందుకు వేసి, ఏ హక్కుతో అనుకున్నాడో ఏమో, ఆగిపోయాడు. తర్వాత బల్ల కింద ఖాళీ అట్టపెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు. నాకు ఆ క్షణంలో వాడి మీద కోపం పోయింది.

సాయంత్రం తిరుపతిలో చిత్తూరు బస్సు ఎక్కాం. అఖ్సా కిటికీ పక్కన కూర్చుని, సంచీ పక్క సీట్లో పెట్టింది. నేను ఇటువైపు సీట్లో. మునిప్రసాద్ ముందు డోరు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు జనంతో నిండిపోతున్నా ఆమె సంచీ తీయలేదు, వాడు ఇటు చూడలేదు. ఆ బస్సుతో వాళ్ళ కథ అయిపోయేట్టే ఉంది.

అఖ్సా తాతకి ఫోన్ చేసింది. ఇంజను చప్పుడుకి వినపడక స్పీకర్ పెట్టింది. అది నా అదృష్టం.

"దాదా, అట్ట తప్పు పక్క అంటించినావు."

"తప్పు యాడుండాది బేటీ? పేరు తెలుగులో రాసిండాది, తెలుగు పక్క అంటించినా."

"మన ఉర్దూ మాదిరి చదవాలని చెప్పినా కదా నీకు!"

అవతల అంగడిలో ఎవరో కాగితాలు కత్తిరిస్తున్న చప్పుడు వినిపించింది.

"చెప్పినావు," అన్నాడు బుడేన్ సాహెబ్. "నేను మొదట ఆ పక్కే అంటించి, ఒక పుస్తకం చేసి చదివినా. ఆఖర్లో పిల్లలిద్దరూ కాలిపోయినారు. నాకు మనసు బాగలేకపోయింది. అట్ట ఊడదీసి ఈ పక్క పెట్టి చూసినా. బాగుండాది. అన్నీ అట్లే అంటించినా."

"కథని అట్ల మార్చేస్తారా ఎవరైనా?"

"నేనేం మార్చినా? ఒక్క కాగితం కదిలించలేదే. అంతా నువ్వు గీసిందే."

ఆయనే మళ్ళీ అడిగాడు.

"ఆ కొమ్ములోడు బెల్లం మండీ చెంగల్రాయుడు కొడుకు కదా?"

మునిప్రసాద్ వాళ్ళ నాయన పేరు అదే. అఖ్సా ఫోన్ వైపు భయంగా చూసింది.

"ముక్కు అదే," అన్నాడాయన. "వాళ్ళ నాయన బెల్లం ఎట్లాంటిదో నాకు తెలుసు. కొడుకు ఎట్లాంటోడో తెలీదు. ఒకసారి అంగడికి రమ్మను, మాట్లాడి చూస్తా."

"దాదా... మదనపల్లె వాళ్ళు..."

"వాళ్ళతో నేను మాట్లాడుకుంటా. మీ నాయనతో కూడా మాట్లాడాల. అది అట్ట మార్చినంత సులువు కాదు బేటీ, తిట్లు తినాల, నాకూ తప్పవు. అయినా అడగకుండా నీకు నువ్వే కాల్చేసుకుంటే ఎట్లా? ముందు వాన్ని పంపించు."

ఫోన్ పెట్టేశాక అఖ్సా చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. చంద్రగిరి దగ్గర పడుతోంది, కోట కనిపిస్తోంది. నాకు ఓపిక నశించి నేనే వాన్ని కేకేద్దామనుకునేలోపు ఆమె సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మునిప్రసాద్," అని పిలిచింది. వాడు తిరిగాడు. "ఈడ కూసోవచ్చు."

వాడికి వెంటనే అర్థం కాలేదు. సీటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే తిట్టాను. అప్పుడొచ్చి అంచు మీద కూర్చున్నాడు, ఎవరో లేపేస్తారేమో అన్నట్టు.

"దాదా నిన్ను అంగడికి రమ్మన్నాడు."

"ఎందుకు?"

"నీ కొమ్ములు సూడాలంట."

వాడు నిజంగానే చేత్తో తల తడుముకున్నాడు. అఖ్సా పకపకా నవ్వింది. ఇంతలో మా ఊరు వచ్చేసింది. దిగిపోతున్నానని రెండుసార్లు చెప్పాను. ఇద్దరికీ వినపడలేదు. మామూలుగా అయితే నాకు కోపం వచ్చేదే.