పువ్వుకి పేరు

"ఆ గిన్నెలో ఉన్నది టీ కాదురా, తాగేవు" అంది అత్తయ్య మా ఆయనతో.

స్టవ్ మీద మరుగుతున్నది ఎండిపోయిన పసుపు పువ్వు. ఎండిన పువ్వుని విప్పి చూడాలంటే ముందు వేడినీళ్ళలో మెత్తబడనివ్వాలి, లేకపోతే పొడిపొడి అయిపోతుంది. ఆఫీసులో నాకు ఆ తీరిక ఉండదు. అక్కడ నా పని అంటించడం. కొండల నుంచీ అడవుల నుంచీ ఎవరెవరో తెచ్చిన మొక్కల్ని ఎండబెట్టి, తెల్లటి అట్టల మీద జిగురుతో అంటించి, కాడల్ని దారంతో కుట్టి, మూలన చీటీ అతికించి బీరువాల్లో పెట్టాలి. పందొమ్మిదేళ్ళుగా అదే పని. నా వెనకాల అందరూ నన్ను జిగురమ్మ అంటారు. ఈమధ్య ఎదురుగానే అంటున్నారు.

"టీ గిన్నెలో గడ్డీ గాదం ఉడకబెడతావేంటి?" అన్నాడు మా ఆయన. టీ పెట్టేదీ నేనే, గిన్నె తోమేదీ నేనే. అతనింకా ఆపలేదు. "అయినా ఎక్కడ చూసినా ఇదే పసుపు పువ్వు. ఇందులో కొత్తేముంటుంది?"

రెండేళ్ళ కిందటి మాట ఇది. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఒకే కుటుంబం. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు, వందల చిన్న పువ్వులు ఒకేచోట సర్దుకుని కూర్చున్న గుంపు. చుట్టూ రేకుల్లా కనిపించేవి కూడా విడివిడి పువ్వులే. ఇంటిపని అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళకి ఈ కుటుంబం ఎప్పటికీ అర్థం కాదు. ప్రతి చిన్న పువ్వు అడుగునా ఒక గింజ, చాలావాటిలో ఆ గింజ నెత్తిన గాలికి ఎగరడానికి వెంట్రుకల కుచ్చు ఉంటాయి. ఏ మొక్క ఏదో తేల్చడానికి ముందు ఆ కుచ్చునే చూస్తారు. ముందురోజు ఒక పాత అట్ట మీద జిగురు ఊడిపోతే మళ్ళీ అంటిస్తూ, రాలిన గింజల్ని భూతద్దంలో చూశాను. కుచ్చు లేదు. దాని చోట ఐదు చిన్న పొలుసులు ఉన్నాయి. చీటీ మీద రాసి ఉన్న మొక్కకి పొలుసులు ఉండవు. అదే పేరున్న అట్టలు ఇంకో పదమూడు తీశాను. మొత్తం పద్నాలుగింట్లో పదకొండింటికి కుచ్చు, మూడింటికి పొలుసులు. ఆ మూడూ ఒకే కొండ నుంచి వచ్చాయి. వాటిలో ఒకదాని నుంచి రాలిన పువ్వే ఆ టీ గిన్నెలోది. నలభై ఏళ్ళుగా పెద్ద పెద్దవాళ్ళు ఆ అట్టలు చూసి, సరే అని సంతకాలు పెట్టి వెళ్ళారు. ఒంటరిగా బీరువాల మధ్య నిలబడి నేను గట్టిగా నవ్వాను.

తర్వాత ఆరు ఆదివారాలు ఆ కొండ ఎక్కాను. ముందురోజే రెండు పూటలకీ వండి ఫ్రిజ్‌లో పెట్టి, ఏ డబ్బాలో ఏముందో చీటీలు అతికించి వెళ్ళేదాన్ని. "ఇంటిని కూడా ఆఫీసు చేసేశావు" అన్నాడు మా ఆయన, కూర తనే వేడిచేసుకోవాల్సి వచ్చినందుకు. పచ్చి మొక్కల్ని కొలిచాను. బొమ్మలు వేశాను. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. దగ్గరి మొక్కలన్నిటితో పోల్చి, ఇది కొత్త జాతి అని నాలుగు పేజీల వ్యాసం రాసి మా శాఖ పెద్దసారు చేతిలో పెట్టాను.

మూడు వారాల తర్వాత ఒక శనివారం ఆయన పిలిచి కుర్చీ చూపించారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"నీకు పెద్ద బహుమతి ఇస్తున్నానమ్మా. మొక్కకి నీ పేరే పెడుతున్నా. సైన్సు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది."

టైపు చేయించిన కాగితం నా ముందుకి జరిపారు. మొక్క పేరులో నా పేరు ఉంది. రాసినవాళ్ళ చోట ఆయన పేరొక్కటే ఉంది. చివర్లో, అట్టలు అంటించి సాయపడిన సిబ్బందికి కృతజ్ఞతలు అని ఉంది.

"రాసింది నేను కదా సార్" అన్నాను. గొంతు పీలగా వచ్చింది. నా గొంతు మీద నాకే చిరాకేసింది.

"ఎవరైనా తన మొక్కకి తన పేరే పెట్టుకుంటారా? లోకం నవ్వుతుంది. మొక్కకి పేరు ఇచ్చినవాళ్ళు రాసినవాళ్ళలో ఉండకూడదమ్మా, అది మర్యాద. సైన్సు పత్రికవాళ్ళు అసలు కొలతలూ బొమ్మలూ అడుగుతారు. సోమవారం ఆ నోటుబుక్కు పట్రా."

మా ఆయన ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. "మా ఆవిడ పేరు పువ్వుకి పెడుతున్నారు!" గడ్డీ గాదం సంగతి ఎత్తలేదు. అతని సంతోషం నిజమే. నాకే సంతోషం రాలేదు. రానందుకు సిగ్గేసింది. ఇంత గౌరవం ఇస్తుంటే ఇంకేం కావాలి, ఇంత పొగరేంటి నాకు అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ అత్తయ్య అడిగింది. "మరి కనిపెట్టింది నువ్వేనని ఎక్కడ రాస్తారు?"

"రాయరు అత్తయ్యా."

ఆమె చేతిలో కాయ ఆగిపోయింది. "నువ్వు రాకముందు మాకో ఇల్లుండేది. దానికి మీ మామయ్య నా పేరు పెట్టారు. గేటు పక్కన రాతి మీద ఇంతింత అక్షరాలు. ఎంత అదృష్టమో అన్నారు అందరూ. కాగితాల్లో మాత్రం ఆయన పేరే. అమ్మేసిన రోజు నన్నెవరూ సంతకం అడగలేదు. వచ్చినవాళ్ళకి లోపల టీలు పెడుతున్నా."

మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం పత్రిక నిబంధనలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. వ్యాసం ఎవరైనా పంపొచ్చు. ఉద్యోగం ఏంటని ఎక్కడా అడగలేదు. వంట సంగతి మా ఆయనకి అప్పజెప్పి, నాలుగు పేజీలూ కొత్తగా టైపు చేశాను. రాసినవాళ్ళ చోట నా పేరు కొట్టేటప్పుడు తప్పు పడితే, తుడిచి మళ్ళీ కొట్టాను.

సోమవారం పెద్దసారు కుర్చీ చూపించలేదు. అయినా కూర్చున్నాను.

"ఆలోచించాను సార్. అంత గౌరవం నాకొద్దు."

"వద్దంటే ఎలాగమ్మా? నోటుబుక్కు తెచ్చావా?"

తెచ్చాను. ఒళ్ళో పెట్టుకున్నాను, ఇవ్వలేదు. కొత్తగా టైపు చేసిన మొదటి పేజీ మాత్రం ఆయన ముందుకి జరిపాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. నా గొంతు ఈసారి మామూలుగానే వచ్చింది.

"మొక్కకి పేరు ఇచ్చినవాళ్ళు రాసినవాళ్ళలో ఉండకూడదన్నారు కదా సార్. అందుకని మొక్కకి మీ పేరే పెట్టాను. సైన్సు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది."