గోధుమ ముట్టని మొక్కు

సూర్యలంక సముద్రం ఎంత ముద్దొస్తున్నా, సుచిత్ర కళ్లు మాత్రం ఒడ్డునున్న హోటళ్ల బోర్డుల మీదే తిరుగుతున్నాయి. సిద్దిపేటలో కారెక్కినప్పటి నుంచి ఆమెకు ఒకటే దిగులు. పదేళ్ల కూతురు శ్రీజకు గోధుమ పడదు. అందులో ఉండే గ్లూటెన్ కాస్త కడుపులోకి వెళ్లినా పేగులు దెబ్బతింటాయని ఏడాది కిందట డాక్టరు తేల్చేశాడు. అప్పటి నుంచి పెళ్లయినా పేరంటమైనా ఆ పిల్లది డబ్బా భోజనమే.

ఈసారి మాత్రం పిల్ల పట్టుబట్టింది.

"అమ్మా, డబ్బా వద్దే. మీ అందరితోని కూసొని హోటల్ల దోశె తింట. ఒక్కసారే."

ఆ మాటను సుచిత్ర కాదనలేకపోయింది. అలాగని తెగించడానికి భయం. పోయిన దసరాకు ఇలాగే మెత్తబడి ఒకచోట ఇడ్లీ సాంబారు పెట్టిస్తే, పిల్ల మూడు రోజులు మంచం దిగలేదు. ఇడ్లీ అంటే బియ్యం, మినుములే కదా అనుకుంది. సాంబారులో వేసే ఇంగువలో గోధుమపిండి కలుపుతారని ఎవరికి మాత్రం తడుతుంది?

భర్త భూపతిని ముందుకు తోసింది. తన చీరల దుకాణంలో గంటసేపైనా అలవకుండా మాట్లాడే మనిషి, హోటల్లో నోరు విప్పాలంటే సిగ్గుతో సగమైపోతాడు.

"అన్నా, గోధుమ అసలే తగలద్దు. మా పాపకు పడది."

"కొంచెం తగిలితే ఏమవుద్దండీ?" అన్నాడు మొదటి హోటల్ సర్వరు. రెండోచోట, మాత్ర వేస్తే అదే పోతుందన్నారు. మూడోచోట దోశెల పెనం మీదే చపాతీలు కాలుతున్నాయి. శ్రీజ మొహం చిన్నబోయింది.

నాలుగో హోటల్ మెట్లెక్కగానే అత్తగారు లింగవ్వ కొడుకును పక్కకు నెట్టింది.

"నువ్వు జరుగురా. రోగమంటే ఎవ్వడింటుండు?" అని, గల్లా దగ్గరున్న ఓనరుకు చేతులు జోడించింది. "అయ్యా, మా పిల్లకు కొమురెల్లి మల్లన్న మొక్కున్నది. గోధుమ ముట్టద్దు. పెనానికంటినా, ఇంగువల కలిసినా మొక్కు చెడిపోతది. జెర పుణ్యం గట్టుకోండ్రి."

ఓనరు దిగ్గున లేచాడు. "మల్లన్న స్వామి మొక్కా! మా హోటల్లో అపచారం జరగనిస్తామా తల్లీ?" అంటూ వంటింట్లో హడావుడి మొదలెట్టాడు. అటక మీంచి కొత్త పెనం దింపించాడు. కళ్లజోడు పెట్టుకుని ఇంగువ డబ్బా చదివి, "అమ్మో, ఇందులో గోధుమపిండే!" అని సాంబారు వద్దన్నాడు. మిక్సీ జార్ కడిగించి కొబ్బరి పచ్చడి వేరే చేయించాడు. సుచిత్ర గుమ్మంలో నిలబడి అన్నీ కళ్లారా చూసుకుంది. డాక్టరు మాటకు దక్కని మర్యాద మల్లన్నకు దక్కినందుకు ఆమెకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

శ్రీజ ముందు ఆవిర్లు కక్కుతూ దోశె వచ్చింది. పిల్ల అంచు తుంచి నోట్లో పెట్టుకుని, ఒకసారి అందరి వైపూ చూసి, ఇక తలెత్తకుండా రెండు లాగించింది. సాయంత్రం దాకా అలల్లో గెంతింది. కడుపునొప్పి ఊసే లేదు. సుచిత్రకు ఏడాది తర్వాత ప్రాణం కుదుటపడింది.

మర్నాడు పొద్దున మళ్లీ అదే హోటల్. ఓనరు ఎదురొచ్చి, "పాపకు ఆ కొత్త పెనమే. మీకు వేడివేడి పూరీలు చెప్పనా అమ్మా?" అన్నాడు. పూరీ అంటే లింగవ్వ పడిచస్తుంది.

"నాకొద్దయ్యా. నాకు గూడ పిల్ల పెనం మీద దోశెనే పోయించు."

"గదేంది అత్తమ్మా?" అంది సుచిత్ర.

ఓనరు అటు వెళ్లాక లింగవ్వ గొంతు తగ్గించింది. "దేవుని పేరు మీద అబద్ధమాడితి గదనే. నిన్ననే మనసుల మొక్కుకున్న, పిల్ల ముట్టంది నేను గూడ ముట్టనని. ఇగ అది అబద్ధమెట్లయితది?"

సుచిత్రకు కళ్లు చెమ్మగిల్లాయి. అత్తగారి గ్లాసులో నీళ్లు పోసింది.

"ఎన్ని రోజులు బాపమ్మా?" అంది శ్రీజ.

"నీకెన్ని రోజులో నాకు గన్ని రోజులు."

శ్రీజ కుర్చీ జరుపుకుని బాపమ్మకు ఆనుకుని కూర్చుంది. సర్వరు వచ్చి, "గోధుమ తగలకుండా ఎందరికమ్మా?" అని అడిగాడు.

"ఇద్దరం," అంది శ్రీజ, అందరికంటే ముందు.